రాత్రి విప్పి పక్కన పెట్టే కాలు

రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. బాత్రూమ్‌కి వెళ్ళాలి. దుప్పటి తీసి, రెండు కాళ్ళూ మంచం దించి లేస్తారు. కుడి పాదం నేలకు ఆనినట్టే ఉంటుంది. వేళ్ళకు చెక్కనేల చల్లదనం కూడా తెలుస్తుంది. మరుక్షణం మీరు కింద పడి ఉంటారు. ఆ కుడికాలు తీసేసి మూడు నెలలైంది. పెట్టుడు కాలు బూటుతో సహా కుర్చీకి ఆనించి ఉంది.

కాలు పోయిన కొత్తలో ఇలా పడేవాళ్ళు చాలామందే. అందుకే ఈ అధ్యాయాన్ని మనసు దగ్గర కాకుండా మంచం దగ్గర మొదలుపెడుతున్నాను. చేతికర్రో వాకరో చెయ్యి చాచితే అందేచోట పెట్టుకోండి. చిన్న దీపం ఒకటి రాత్రంతా వెలగనివ్వండి. లేచేముందు మంచం అంచున కూర్చుని, తొడ మీంచి చెయ్యి నిమురుతూ కిందికి వచ్చి, కాలు ఎక్కడిదాకా ఉందో అక్కడ ఒక్క నిమిషం ఆపండి. ఇది పడకుండా ఉండటానికి చెబుతున్న చిట్కా. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది, దాని సంగతి తర్వాత.

లేని కాలు ఉన్నట్టు తెలియడం పిచ్చీ కాదు, గాలి సోకడమూ కాదు. కాలో చెయ్యో పోయినవాళ్ళలో ఎక్కువమందికి ఇది ఎదురయ్యేదే. అమెరికా అంతర్యుద్ధంలో క్షతగాత్రులకు వైద్యం చేసిన సైలస్ వెయిర్ మిచెల్ 1871లో దీనికి ‘ఫాంటమ్ లింబ్’ అని పేరు పెట్టాడు. మనం మాయకాలు అనుకుందాం. దీని మీద దశాబ్దాలు ఆలోచించినవాడు మనముంటున్న కెనడాలోనే ఉండేవాడు. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు రోనాల్డ్ మెల్జాక్. పుట్టుకతోనే కాలు లేని కొందరికి కూడా మాయకాలు తెలుస్తుందన్న సంగతి ఆయన్ని వదల్లేదు. ఎన్నడూ లేని కాలు గుర్తుండటం ఎలా? ఒళ్ళంతటి పటం ఒకటి మెదడు తనంతట తానే అల్లుకుంటుందనీ, కాళ్ళూ చేతులూ పంపే కబుర్లు దాన్ని దిద్దుతాయే తప్ప పుట్టించవనీ ఆయన వాదం. మీకు ఆపరేషన్ చేసిన సర్జన్ కాలు తీశాడు గానీ ఆ పటం జోలికి పోలేదన్నమాట.

కాబట్టి తీసేసిన పాదం అరికాల్లో దురద పెడుతోందని డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడకండి. ఇంట్లోవాళ్ళు కంగారు పడతారని దాచుకుని, రాత్రుళ్ళు ఒంటరిగా పళ్ళు బిగపట్టి పడుకునేవాళ్ళుంటారు. అనవసరమైన బాధ అది. మాయకాలి నొప్పికి మందులున్నాయి. రెండు కాళ్ళ మధ్య అద్దం నిలబెట్టి, ఉన్న కాలిని ఆడిస్తూ దాని ప్రతిబింబాన్ని లేని కాలిగా చూసే పద్ధతి ఒకటుంది. మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివి అమెరికాలో స్థిరపడిన వి.ఎస్. రామచంద్రన్ 1990లలో దాన్ని ముందుకు తెచ్చాడు. కొందరికి గుణమిస్తుంది, కొందరికి ఇవ్వదు. ఫిజియోథెరపిస్టు దగ్గరుండి నేర్పితే మంచిది.

మాయకాలు ఎప్పుడూ శత్రువే అనుకోనక్కర్లేదు. పెట్టుడు కాలు తొడుక్కోగానే అది అందులోకి దూరి కూర్చుంటుందని, అలా కూర్చున్న రోజు నడక తేలికవుతుందని చెప్పేవాళ్ళున్నారు. మెదడుకు ఈ విషయంలో పెద్ద పట్టింపులు లేవు. 1998లో బాట్వినిక్, కోహెన్ అనే ఇద్దరు ఒక చిత్రమైన ప్రయోగం ప్రచురించారు. మనిషి చేతిని అడ్డు వెనక దాచి, ఎదురుగా బల్ల మీద రబ్బరు చెయ్యి పెట్టి, రెండింటినీ ఒకేసారి కుంచెతో నిమిరారు. కాసేపటికి ఆ రబ్బరు చెయ్యే తమదన్నట్టు అనిపించసాగింది వాళ్ళకు. కంటికి కనబడేదీ, ఒంటికి తెలిసేదీ ఒక్కసారిగా జరిగితే మెదడు నమ్ముతుంది. మీరు చేయవలసిందల్లా దానికి ఆ అవకాశం ఇవ్వడం. రోజూ కాసేపు నిక్కరుతో, పెట్టుడు కాలు పూర్తిగా కనబడేలా, నిలువుటద్దం ముందు నడవండి. ప్యాంటు కింద దాచి ఎన్ని మైళ్ళు నడిచినా ఈ పని జరగదు.

అయినా పొద్దున్న కాలు తొడుక్కున్న మనిషి, రాత్రి కాలు విప్పిన మనిషి ఒకరేనా అన్న సందేహం తీరదు. మనకు ‘పెట్టుడు’ అనే మాట ఉంది, పెట్టుడు పళ్ళు, పెట్టుడు కాలు. ఆ మాటలోనే విప్పడం కూడా ఉంది. మీ నోటి మాటను మీరే ఒక వారం గమనించండి. కోసిన కాలు దూర్చే సాకెట్ ఒరుసుకుని చర్మం రేగిన రోజు ‘ఈ దిక్కుమాలిన ప్లాస్టిక్’ అంటారు. మెట్లు చకచకా ఎక్కిన రోజు ‘నా కాలు’ అంటారు. ‘నా కాలు ఇటివ్వు’ అని భార్యనడిగిన రోజు మీరే నవ్వుకుంటారు. ఇలా దగ్గరవుతూ దూరమవుతూ ఉండటమే మామూలు. ఇంకా నాదనిపించట్లేదే అని నెలలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే, ఉన్న కష్టానికి పరీక్ష తప్పిన బాధ కూడా తోడవుతుంది.

మనవాళ్ళు కృత్రిమ కాలు మాటెత్తగానే ఋగ్వేదంలోని విశ్పలను గుర్తు చేసుకుని మురుస్తారు. యుద్ధంలో కాలు పోతే అశ్వినీ దేవతలు ఇనుప కాలు పెట్టారట. ఆ కాలు రాత్రిపూట ఎక్కడ ఒరుసుకునేదో ఆమెను అడిగినవాళ్ళు లేరు.

టెర్రీ, మయూరి, మీరు

సెప్టెంబరులో మీ పిల్లలు టెర్రీ ఫాక్స్ పేరు చెప్పి బడికి రెండు డాలర్ల నాణెం పట్టుకెళ్ళే ఉంటారు. ఎముక క్యాన్సర్ వచ్చి 1977లో 18 ఏళ్ళకే అతని కుడికాలు మోకాలి పైన తీసేశారు. 1980 ఏప్రిల్ 12న న్యూఫౌండ్‌ల్యాండ్‌లోని సెయింట్ జాన్స్ దగ్గర అట్లాంటిక్ నీళ్ళలో పెట్టుడు కాలు తడిపి పరుగు మొదలుపెట్టాడు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకడంతో సెప్టెంబరు 1న థండర్ బే దగ్గర ఆగిపోయాడు. మరుసటి ఏడు జూన్ 28న చనిపోయాడు, 23 ఏళ్ళు నిండకుండానే.

మనకు మయూరి ఉంది. 1981లో తమిళనాడులో జరిగిన ప్రమాదం తర్వాత కాలు పోగొట్టుకున్న సుధాచంద్రన్, జైపూర్ కాలితో మళ్ళీ నాట్యం చేసి, 1985లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ఆ పేరుగల తెలుగు సినిమాలో తన కథలో తానే నటించింది.

ఈ ఇద్దరి మీదా నాకు గౌరవం ఉంది. ‘టెర్రీ ఫాక్స్‌ని చూసి నేర్చుకో’ అనే చుట్టాల మీదే లేదు. టెర్రీ క్రీడాకారుడు, పద్దెనిమిదేళ్ళవాడు. మీకు యాభై ఎనిమిది. గుండెలో స్టెంటుంది, ఉన్న కాలికి కూడా స్పర్శ సగం పోయింది. కెనడాలో కాళ్ళు తీసేయాల్సి రావడానికి ముఖ్య కారణాలు షుగరు, రక్తనాళాల జబ్బులే. ఇక్కడే ఒక పెద్ద తేడా వస్తుంది. క్యాన్సర్‌తో కాలు పోతే జాలి పడతారు. యుద్ధంలో పోతే పతకం ఇస్తారు. షుగరుతో పోతే మాత్రం ‘నోరు కట్టుకోలేకపోయాడు’ అంటారు. బయటివాళ్ళు అన్నా అనకపోయినా, మీ లోపల అదే మాట తిరుగుతూ ఉంటుంది. అద్దంలో కాలు చూసుకున్నప్పుడల్లా మీకు గాయం కనబడదు, నేరం కనబడుతుంది.

దీని గురించి నాకు తెలిసింది సూటిగా చెబుతాను. దక్షిణాసియా వాళ్ళకు షుగరు ముప్పు పుట్టుకతోనే ఎక్కువ. షుగరు నరాలను మొద్దుబారుస్తుంది కాబట్టి బూటులో గుచ్చుకున్న రాయి తెలియదు, పుండు తెలియదు, చీము పట్టేదాకా తెలియదు. నొప్పి తెలియకపోవడం మీ నిర్లక్ష్యం కాదు, ఆ జబ్బు చేసే పనే అది. ఇంకా మీ మీద మీకు కసి తీరకపోతే దాన్ని ఉన్న కాలి మీదికి మళ్ళించండి. రోజూ రాత్రి చేతి అద్దంతో ఆ అరికాలు చూసుకోండి. వేళ్ళ సందులు ఆరబెట్టండి. మంచు కాలంలో హీటర్ దగ్గర ఆ పాదం పెట్టకండి, కాలినా తెలియదు.

టెర్రీ దగ్గర నేర్చుకోవలసింది ఏమీ లేదని కాదు. అప్పటి వీడియో చూస్తే అతను అందరిలా పరిగెత్తడని తెలుస్తుంది. పెట్టుడు కాలు వెనకనుంచి ముందుకు రావడానికి ఆలస్యమవుతుంది కాబట్టి, అది వచ్చేలోగా మంచి కాలి మీద రెండుసార్లు గెంతుతాడు. చూడటానికి సొంపుగా ఉండదు. నిక్కరు వేసుకుని, దేశమంతా చూస్తుండగా ఆ సొంపులేని గెంతుతోనే ముందుకు సాగాడు. కాలు మారినప్పుడు నడక కూడా మారుతుంది. పాత నడకను అనుకరించాలని చూసేవాళ్ళు ఎక్కువ అలిసిపోతారు.

సుధాచంద్రన్ సంగతి ఇంకో విధంగా పనికొస్తుంది. మయూరి తర్వాత ఆమెను ఎక్కడికి పిలిచినా కాలి కోసమే పిలిచి ఉంటారు. 2001లో మొదలైన ఒక హిందీ సీరియల్లో రమోలా సికంద్ అనే పాత్ర వేసింది. జనం ఆ పాత్ర నుదుటి బొట్ల గురించే మాట్లాడుకున్నారు. కాలి గొప్పతనం కంటే ఆ బొట్టే ఆమెకు ఎక్కువ ఊపిరాడనిచ్చి ఉంటుందని నా ఊహ. ఆ తర్వాత 2021లో, విమానాశ్రయంలో తనిఖీ చేసిన ప్రతిసారీ కాలు విప్పమంటున్నారని ఆమె వీడియోలో ప్రధానమంత్రికి మొరపెట్టుకుంది, భద్రతా దళం క్షమాపణ చెప్పింది. నలుగురిలో కాలు విప్పమనడమంటే సంచీ తెరవమన్నట్టు కాదు. టొరంటోలో విమానమెక్కేటప్పుడు విడిగా గదిలో తనిఖీ చేయమని ముందే అడగండి, అడిగే వీలుంది. పెట్టుడు కాలు అమర్చే ప్రాస్థెటిస్టు దగ్గర ఒక ఉత్తరం రాయించుకుని పాస్‌పోర్టుతో పెట్టుకోండి.

ఎవరి కళ్ళ కోసం?

పెట్టుడు అవయవం ఎవరి కోసమన్న విషయంలో కెనడాకు ఒక చేదు పాఠం ఉంది. గర్భిణులకు వేవిళ్ళు తగ్గడానికి ఇచ్చిన థాలిడోమైడ్ మందు ఇక్కడ 1961 ఏప్రిల్ నుంచి డాక్టరు చీటీ మీద అమ్మారు. జర్మనీ, బ్రిటన్ ఆపేసిన తర్వాత కూడా 1962 మార్చి దాకా ఆపలేదు. చేతులు లేకుండా, కురచ చేతులతో పిల్లలు పుట్టారు. వాళ్ళకు పెద్దవాళ్ళు శ్రద్ధగా కృత్రిమ చేతులు చేయించారు. బరువైనవి, ఉక్కపోసేవి, కదిలితే చప్పుడు చేసేవి. పిల్లలు వాటిని విప్పి మూల పడేశారు. కాలి వేళ్ళతో పెన్సిలు పట్టుకున్నారు, కురచ చేతులతోనే అన్నం తిన్నారు. వాటికి స్పర్శ ఉంది మరి. ప్లాస్టిక్ చేతికి అది లేదు. అమ్మానాన్నలకు మాత్రం ఫోటోలో బిడ్డ రెండు చేతులతో కనబడటం కావాలి.

తర్వాత మంచి చేతులూ వచ్చాయి. ఫ్రెడరిక్టన్‌లో న్యూబ్రన్స్‌విక్ విశ్వవిద్యాలయం సంస్థ 1965 నుంచి కండరాల విద్యుత్తుతో కదిలే చేతుల మీద పనిచేస్తోంది. అయినా కాళ్ళ కంటే చేతులనే జనం ఎక్కువగా వాడటం మానేస్తారన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిందే. లేకపోయినా గడిచిపోతుంది కాబట్టి.

ఆ పిల్లలు మూల పడేసిన చేతుల్లో నాకు ఒక ప్రశ్న కనబడుతుంది. మీ పెట్టుడు కాలు ఏ పని కోసం, ఎవరి కళ్ళ కోసం? రెండూ న్యాయమైన అవసరాలే. చర్మం రంగు తొడుగుతో, పక్కవాడికి తెలియకుండా ఆఫీసులో తిరగాలనుకుంటే తిరగండి. చామనఛాయకు సరిపడే రంగు కావాలని గట్టిగా అడగండి, లేతరంగు ఇస్తే ఒప్పుకోకండి. లేదా విక్టోరియాలోని అలీల్స్ అనే డిజైన్ స్టూడియో చేసేలాంటి పూల తొడుగు వేసుకుని పార్టీకి వెళ్ళండి. సోమవారం దాచి, శనివారం చూపించినా మిమ్మల్ని తప్పుబట్టేవారు లేరు. ప్రమాదం ఎక్కడంటే, ఎప్పుడూ ఇతరుల కళ్ళ కోసమే దాన్ని తొడుక్కుని, గుమ్మం దాటి లోపలికి రాగానే విసిరికొట్టేలా ఉన్నప్పుడు.

ఇక గుమ్మం. తెలుగిళ్ళలోనూ కెనడా ఇళ్ళలోనూ సమానంగా ఉన్న ఆచారం చెప్పులు బయట విప్పడం. మనది మడి, వాళ్ళది మంచు. పెట్టుడు పాదాన్ని ఒక బూటు మడమ ఎత్తుకు సరిపెట్టి బిగిస్తారు. బూటు విప్పగానే ఆ మడమ కిందికి దిగి, ఒళ్ళు వెనక్కి తూలుతుంది, ఎత్తు ఎక్కుతున్నట్టుంటుంది. అందుకే ఎవరింటికి పిలిచినా రాలేమంటారు. గుడి మానేస్తారు. ఇంటివాళ్ళేమో మనసు బాగాలేదేమో అనుకుంటారు. నిజానికి మడమ బాగాలేదు. దీనికి మందు చవక. అదే ఎత్తున్న, ఇంట్లో మాత్రమే వాడే జోడు ఒకటి సంచీలో ఉంచుకోండి. గుడికైతే మేజోడు లోపల మడమ కింద పెట్టే మెత్తటి చీలిక ఒకటి చేయించుకోండి.

కూర్చోవడం అంతకంటే పెద్ద సమస్య. పాశ్చాత్య దేశాల్లో చేసే పాదం బూటు కోసం, కుర్చీ కోసం పుట్టింది. జైపూర్‌లో చేతిపనివాడు రామచంద్ర శర్మ, ఎముకల వైద్యుడు పి.కె. సేఠీ కలిసి ఒట్టికాళ్ళతో పొలంలో నడిచే, గొంతుక్కూర్చునే, బాసింపట్టు వేసే మనిషి కోసం రబ్బరు పాదం తయారు చేశారు. సేఠీకి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. మీకు టొరంటోలో కార్బన్ ఫైబర్ పాదం ఇస్తారు. నడకకు అది మేలైనదే. నేల మీద కూర్చోవలసినప్పుడు మాత్రం మీరు పంక్తిలోంచి లేచి కుర్చీలోకి పోవాలి. వ్రతంలో పీట మీద కూర్చోలేని మనిషి తన ఒంటి గురించి ఏమనుకుంటాడో ఇక్కడి ఆసుపత్రుల ప్రశ్నావళుల్లో ఉండదు. మోకాలి పైన కాలు తీసినవాళ్ళకు, మోకాలికి కాస్త పైన తిరిగే మర ఒకటి అమరుస్తారు. మీట నొక్కితే కింది భాగం పక్కకు తిరుగుతుంది, బాసింపట్టు పడుతుంది. కుర్చీల దేశంలో దాని అవసరం తోచక మీకు ఎవరూ చెప్పకపోవచ్చు. మీరే అడగాలి.

చెయ్యి ముందు, కన్ను తర్వాత

రాత్రి మంచం అంచున తొడ నిమురుతూ చెయ్యి ఆపమన్నాను కదా, దాని ఇంకో లాభం ఇదీ. చాలామంది కోసిన కాలి చివర వంక నెలల తరబడి చూడలేరు. చూడకపోయినా ఫరవాలేదు, ముట్టుకోండి. కుట్లు మానాక, డాక్టరు సరేనన్నాక, మెత్తటి గుడ్డతో, తర్వాత తువ్వాలుతో రుద్దండి. చర్మం మొరటుబారుతుంది, భయం తగ్గుతుంది. నూనె రాయాలనిపిస్తే పడుకునేముందు రాయండి. పొద్దున్న రాస్తే సాకెట్ లోపల తొడిగే సిలికాన్ లైనరు జారుతుంది, పాడవుతుంది. మధ్యాహ్నానికి కాలు కొంచెం చిక్కి సాకెట్ వదులవుతుంది, అప్పుడు మేజోడు ఒకటి అదనంగా వేసుకోండి. ఎర్రటి మచ్చ పావుగంటయినా పోకపోతే ఆ రోజు కాలు తొడుక్కోవద్దు.

భార్యాభర్తల మధ్య ఈ కాలు ఒక గోడ అవుతుంది, చెప్పుకోరు. దీపం ఆర్పాక కాలు విప్పేవాళ్ళు, వేరే గదిలోకి పడక మార్చేవాళ్ళు ఉంటారు. అవతలి మనిషికి ముట్టుకుంటే నొప్పేమోనని భయం, ఇవతలి మనిషికి అసహ్యమేమోనని భయం. ఒక రోజు పగటిపూట, టీ తాగుతూ, మీరే అవతలి మనిషి చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టండి. ఇక్కడ నొప్పి, ఇక్కడ కాదు అని చూపించండి. అంతకుమించి మాటలు అక్కర్లేదు.

ఊళ్ళో ఉన్న అమ్మతో వీడియోలో నడుము పైభాగమే చూపిస్తూ ఎన్నాళ్ళు లాగుతారు? తెలిసినరోజు కాలు పోయిందన్న ఏడుపు కంటే దాచావన్న ఏడుపు పెద్దదవుతుంది. ‘ఏ జన్మలో ఏం పాపం చేశాడో’ అనే అత్తయ్య ప్రతి ఇంట్లో ఉంటుంది. ఆవిడకు జవాబు ముందే తయారుగా ఉంచుకోండి: ‘షుగరు ముదిరి కాలు తీసేశారత్తయ్యా. పెట్టుడు కాలితో బానే నడుస్తున్నా. మీ మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయి?’ ఆ తర్వాత అరగంట ఆవిడే మాట్లాడుతుంది. పిల్లలైతే మరీ తేలిక. ‘అంకుల్, నీ కాలేది?’ అంటే విప్పి చూపించండి. రెండు నిమిషాలు చూసి బంతి ఆడుకోవడానికి పోతారు.

మీలాంటి ఇంకొకరిని చూడటం అన్నిటికన్నా పెద్ద మందు. టపాలో మీ ఇంటికొచ్చే తాళంచెవుల బిళ్ళలు పంపేది వార్ ఆంప్స్ సంస్థ. మొదటి ప్రపంచయుద్ధంలో కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్న సైనికులు 1918లో పెట్టుకున్నారు. బిళ్ళలు 1946 నుంచి వస్తున్నాయి. కాలు లేనివాడికి కాలు లేనివాడే దారి చూపాలన్నది వాళ్ళ పద్ధతి. 1975 నుంచి పిల్లలకు విడిగా ఒక కార్యక్రమం ఉంది, అందులో ఒకే రకంగా చెయ్యి లేని ఇద్దరు పిల్లలు ఎదురుపడతారు, వాళ్ళ అమ్మలు కూడా ఎదురుపడతారు. ఒంటారియోలో ఉంటే పెట్టుడు కాలికి ప్రభుత్వం తాను ఆమోదించిన ధరలో 75 శాతం భరిస్తుంది. మిగతాదాని గురించి వార్ ఆంప్స్‌ని అడగండి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, స్నానం చేయబుద్ధి కాకపోయినా, కాలు ఉండీ తొడుక్కోబుద్ధి కాకపోయినా ఫ్యామిలీ డాక్టరుకు ఆ మాటే చెప్పండి.

వచ్చే నెల ప్రాస్థెటిస్టు దగ్గరికి వెళ్తున్నారు కదా. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘ఫైన్’ అనేసి రావద్దు. ఫలానా తేదీన అమ్మాయి పెళ్ళి, పీటల మీద రెండు గంటలు కూర్చోవాలి, మధ్యలో లేచి కాళ్ళు కడగాలి, కాలు తడుస్తుంది, అప్పగింతలప్పుడు చెప్పుల్లేకుండా మెట్లు దిగాలి అని చెప్పండి. వాళ్ళకు పీటలంటే ఏమిటో తెలియదు, ఫోన్లో పాత పెళ్ళి వీడియో చూపించండి. రిసెప్షన్‌కి వేసుకోబోయే చెప్పులు కూడా సంచీలో పెట్టుకుని వెళ్ళండి, మడమ ఎత్తు కొలుస్తారు.